మొదట వెళ్లాల్సింది పాస్టరుగారి దగ్గరికి కాదు

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక జిల్లా పేజీల్లో గట్టు తగాదా, కాలువ నీటి తగాదా, అన్నదమ్ముల ఇంటి జాగా తగాదా లేని వారం ఉండదు. వార్త చివరిదాకా చదివితే చాలాచోట్ల కర్ర లేవకముందే ఒక మాట లేచి ఉంటుంది. క్రైస్తవ కుటుంబాలేమీ ఇందుకు వేరు కాదు. మన సిక్కోలు పల్లె సంఘాల్లో ఏళ్ల తరబడి మాటల్లేని తోటికోడళ్లు ఒకే చాప మీద కూర్చుని ఒకే పాట పాడుతున్నారు. కోపం గురించి, నాలుక గురించి, సమాధానపడడం గురించి ప్రసంగాలకు కొదవ లేదు. కొదవల్లా ఎవరు ముందు కదలాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి, వెళ్లి ఏమనాలి అన్న దగ్గర ఉంది. యేసు ఆ వరసను చాలా స్పష్టంగా చెప్పాడు. మనం ఆ వరసను తలకిందులు చేశాం. సంఘాల్లో తగువులు తీర్చే పనిలో ఉన్న కొందరం ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు నరహత్య గురించి మొదలుపెట్టి నేరుగా కోపం దగ్గరికి, అక్కడి నుంచి తిట్టు దగ్గరికి వస్తాడు. సహోదరుణ్ని చూసి ‘వ్యర్థుడా’ అన్నవాడు మహాసభకు (యూదుల పెద్ద న్యాయసభకు), ‘ద్రోహీ’ అన్నవాడు నరకాగ్నికి లోనవుతాడని మన తెలుగు బైబిల్లో ఉంది. ‘వ్యర్థుడా’ అన్న చోట మూలంలో ఉన్నది ‘రాకా’ అనే అరమేయ మాట. బుర్ర ఖాళీ వెధవా అన్నట్టు. ‘ద్రోహీ’ అన్న చోట ఉన్న గ్రీకు మాటకు మూఢుడా అని అర్థం. అంటే ఇవి బూతులు కూడా కావు. పొద్దున్న లేస్తే ఇంట్లో, పొలంలో, బడిలో మనం మామూలుగా వాడేసే మాటలే. ఎదుటివాడు లెక్కలోకి రాని మనిషి అని తేల్చేసే మాటలు గనుకే ఆయన వాటిని హత్యతో కలిపి కట్టాడు.

వెంటనే అర్పణ మాట చెప్పాడు. బలిపీఠం దగ్గర ఉన్నప్పుడు నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ‘మొదట వెళ్లి’ అతనితో సమాధానపడు, తరవాత వచ్చి అర్పించు. ఈ మాట విన్నవాళ్లు గలిలయ రైతులు, జాలర్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మన లెక్కలో ఇంచుమించు ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వచ్చినంత దూరం, మూడు రోజులకు తక్కువ కాని నడక. అంత దూరం నడిచి వచ్చినవాణ్ని తెచ్చిన అర్పణ అక్కడే వదిలి మళ్లీ ఊరికి పో, తగువు తీర్చుకుని రా అన్నాడు. విన్నవాళ్లకు దిమ్మ తిరిగి ఉండాలి. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు అనువదించగా 1812లో అచ్చయిన తొలి తెలుగు సువార్తల్లో మత్తయి ఒకటి. రెండు వందల ఏళ్లకు పైగా ఈ వాక్యం మన భాషలో ఉంది. మనకు మాత్రం రెండు వీధుల అవతలి ఇల్లు యెరూషలేము కన్నా దూరమైపోతోంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మత్తయి 5లో వెళ్లమన్నది నొప్పించినవాణ్ని. 18వ అధ్యాయానికి వచ్చేసరికి, నీ సహోదరుడు నీ యెడల తప్పు చేస్తే నువ్వే పోయి మాట్లాడు అని నొప్పిపడ్డవాణ్ని పంపాడు. ‘తప్పు వాడిది, వాడే రావాలి’ అనడానికి గానీ, ‘కోపం తనకుంది, తనే రావాలి’ అనడానికి గానీ ఇద్దరిలో ఎవరికీ చోటు మిగల్లేదు. ఇద్దరూ వాక్యం ప్రకారం బయల్దేరితే దారి మధ్యలో ఎదురుపడాలి.

మన సంఘాల్లో జరిగేది వేరు. మాట పడ్డ మనిషి ముందు చెప్పుకునేది అక్కచెల్లెళ్లకు. తరవాత స్త్రీల కూడికలో ‘ప్రార్థన మనవి’గా చెబుతుంది: ‘పేరు చెప్పను గానీ, ఫలానా కుటుంబం నన్ను చాలా నొప్పించింది, ప్రార్థన చేయండి.’ పేరు చెప్పకపోయినా పది మందికీ తెలుస్తుంది. ఆ సాయంత్రానికి అవతలి ఇంటికి చేరుతుంది, నాలుగు మాటలు కలిసి మరీ చేరుతుంది. తరవాత విషయం పాస్టరుగారి దగ్గరికి వెళుతుంది. ఆయన ఒక పక్షం మాత్రమే విని ఆదివారం నాలుక మీద ప్రసంగం చేస్తారు. తనను ఉద్దేశించే అన్నారని అవతలివాళ్లు వచ్చే వారం గుడికి మానేస్తారు. అసలు మనిషితో మొదటి ముక్క మాట్లాడకుండానే తగువు సంఘమంతటిదీ అయిపోయింది. కట్టెలు లేకపోతే మంట ఆరిపోతుంది, కొండెగాడు లేకపోతే జగడం చల్లారుతుంది అని సామెతల గ్రంథం 26వ అధ్యాయం చెబుతుంది. ప్రార్థన పేరుతో వేసినా కట్టె కట్టెగానే మండుతుంది. కాబట్టి పాస్టర్లకూ పెద్దలకూ మా మొదటి విన్నపం ఇది. ఎవరైనా తగువు మోసుకొస్తే పూర్తిగా వినకముందే ‘ఆ మనిషితో మాట్లాడారా?’ అని అడగండి. ‘లేదు’ అని జవాబొస్తే కలిసి ప్రార్థన చేసి, ఆ ఇంటికే పంపండి. పేరుపెట్టి గానీ పెట్టకుండా గానీ వేదిక మీద ప్రస్తావించకండి.

కోపం గురించి అపొస్తలుడు పౌలు ఎఫెసీయుల పత్రిక 4వ అధ్యాయంలో రాసింది చాలామంది సగమే గుర్తుపెట్టుకుంటారు. కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు, అపవాదికి (అంటే సాతానుకు) చోటియ్యకుడి. కోపం రాకూడదని ఆయన అనలేదు, రాత్రికి ఉంచుకోవద్దన్నాడు. అదే అధ్యాయం 31వ వచనంలో విసర్జించాల్సినవాటిని ఒక వరసలో పెట్టాడు: ద్వేషం, కోపం, క్రోధం, అల్లరి, దూషణ. లోపల చేదు ఊరుతుంది, అది పొంగుతుంది, గట్టిపడుతుంది, అరుపుగా బయటికొస్తుంది, చివరికి ఎదుటివాడి పరువు తీస్తుంది. మన పల్లెల్లో తెలిసిన పోలిక చెప్పాలంటే కోపం గడ్డిమంట లాంటిది, ఎత్తుగా లేచి కాసేపట్లో బూడిదవుతుంది. క్రోధం ఊక కుంపటి. పైకి మంట కనబడదు, పొగ కూడా సన్నగానే ఉంటుంది, తెల్లారి చెయ్యి పెడితే కాలుతుంది. ‘నాకు కోపమే లేదండీ, మాట్లాడడం మానేశానంతే’ అని చెప్పే మనిషి దగ్గర ఉన్నది ఈ రెండోదే. సంఘాల్లో గడ్డిమంటను పెద్ద పాపంగా చూస్తారు, ఊక కుంపటిని సహనం అని మెచ్చుకుంటారు. ఇది పెద్ద పొరపాటు.

సూర్యాస్తమయం గడువు పౌలు ఊరికే పెట్టింది కాదనుకుంటాం. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో కూలివాడి కూలి ఏనాటిది ఆనాడు సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యాలని ఉంది, అతను బీదవాడు గనుక, దాని మీదే ఆశ పెట్టుకుంటాడు గనుక. ఊడ్పుల్లో పొద్దుపోయాక కూలి అడగ్గా అడగ్గా ఇచ్చే రైతుని ఊరంతా ఎలా అనుకుంటుందో మనకు తెలుసు. సమాధానం, అంటే రాజీపడడం, కూడా అలాంటి బాకీయే. అవతలివాడికి రాత్రి నిద్ర పట్టాలంటే సాయంత్రంలోపు అందాలి.

అలాగని అర్ధరాత్రి దాకా కూర్చుని తేల్చుకోమని దీని అర్థం కాదు. భార్యాభర్తలు ఇక్కడే దెబ్బతింటారు. ‘పొద్దుపోకముందే తీరిపోవాలి’ అని పట్టుబట్టి, అలిసిపోయి, ఆకలితో, పిల్లల ముందు పాతవన్నీ తవ్వుకుంటారు. ఆ రోజు చేయాల్సింది రెండే ముక్కలు. ‘నాకు ఇంకా బాధగానే ఉంది. రేపు అన్నం తిన్నాక మాట్లాడుకుందాం, ఈలోగా ఎవరికీ చెప్పను.’ ఈ మాట ఇస్తే ఆ రాత్రికి అపవాదికి చోటు మూసేసినట్టే. రేపంటే రేపే, వచ్చే ఆదివారం కాదు. వలస ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. మనవాళ్లు హైదరాబాదులో కూలిపనికో, గుజరాత్‌లోని వేరావల్ తీరంలో బోట్ల మీదికో వెళ్లి నెలల తరబడి ఉంటారు. ఇంటితో కొట్లాట ఫోన్లోనే నడుస్తుంది. కోపంలో పంపిన వాయిస్ మెసేజ్ పదిసార్లు వినబడుతుంది, ఇంకొకరికి చేరుతుంది. నోటితో అన్న మాట గాలికి పోయినా అది పోదు. అందుకే కోపంగా ఉన్నప్పుడు మెసేజ్ పంపొద్దు, ఫోన్ చేసి మాట్లాడాలి. అవతల ఎత్తకపోతే మర్నాడు చేయాలి. స్టేటస్‌లో వాక్యం పెట్టి ఎదుటివాణ్ని పొడవడం వాక్యానికీ అన్యాయమే.

కోపమంతా పాపం కాదని చెప్పడానికి రెండు చోట్లు చాలు. మార్కు 3వ అధ్యాయంలో ఊచచెయ్యి గలవాణ్ని విశ్రాంతి దినాన బాగుచేస్తాడేమోనని కాపు కాసినవాళ్లను యేసు కోపంతో చూశాడు. వాళ్ల గుండె రాయైనందుకు దుఃఖపడ్డాడు కూడా. కోపం పక్కనే దుఃఖం ఉంది. మన కోపంలో ఆ దుఃఖం ఉందా అని చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. రెండోది నెహెమ్యా 5వ అధ్యాయం. కరువులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టుపెట్టి, చివరికి పిల్లల్ని దాస్యానికి పంపిన బీదల మొర విని నెహెమ్యా మండిపడ్డాడు. ఆ తరవాతి మాట ముఖ్యం. ఆయన ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు, అప్పుడు పెద్దల్ని గద్దించాడు. పొలాలూ ఇళ్లూ తిరిగివ్వమన్నాడు, నూరో వంతు వడ్డీ కూడా వెనక్కివ్వమన్నాడు. సంఘ సభ్యుడే ఇంకో సభ్యుడికి నూటికి ఐదు వడ్డీకి ఇచ్చి ఆదివారం దశమభాగం వేసే చోట కోపం రాకపోతేనే తప్పు. ఆలోచన లేకుండా వచ్చిన కోపం తిట్టుగా తేలిపోతుంది. ఆలోచన చేసిన కోపం పొలం కాగితం తిరిగి ఇప్పిస్తుంది.

ఇక మాట సంగతి. ఎఫెసీయుల పత్రిక అదే అధ్యాయంలో పౌలు ‘దుర్భాష ఏదీ మీ నోట రానియ్యకుడి’ అన్న చోట దుర్భాషకు ఉన్న గ్రీకు మాట ‘కుళ్లినది’ అని. మత్తయి 13లో వల లాగిన జాలర్లు గంపల్లో వేసుకోకుండా పారేసే చెడ్డ చేపలకు వాడిన మాటే అది. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఉన్నవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. కుళ్లిన చేప ఒక్కటి పడితే గంప మొత్తం పోతుంది. దాన్ని ఎంత మంచి గుడ్డలో చుట్టినా వాసన దాగదు. ‘నీ మంచికే చెబుతున్నా’ అని చుట్టిన మాటలు చాలావరకు ఈ రకమే. ఆ వచనంలోనే కొలతలు ఇచ్చాడు. అవసరాన్నిబట్టి ఉండాలి, మనిషిని నిలబెట్టేలా ఉండాలి, వినేవాళ్లకు మేలు కలగాలి. నిజమైతే చాలదు. పిల్లలు లేని కోడలితో ‘గొడ్రాలు’ అనడం, కాలు లేనివాణ్ని ‘కుంటోడా’ అని పిలవడం, భర్త పోయిన ఆవిణ్ని పెళ్లి పందిట్లో వెనక్కి జరగమనడం, ఏ కులం నుంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్నారో గుర్తుచేసి మాట్లాడడం, ఇవి సంఘాల లోపలే జరుగుతున్నాయి. ఆ గాయాలు దెబ్బల గాయాల కన్నా ఆలస్యంగా మానుతాయి. దేవుని పోలికగా పుట్టిన మనుషుల్ని అదే నాలుకతో శపిస్తున్నామని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో రాశాడు. ఒక్క ఊటలోంచి తీపి నీళ్లు, చేదు నీళ్లు రెండూ ఊరతాయా అని అడిగాడు.

వెళ్లి మాట్లాడడం దగ్గరికి వద్దాం, ఎక్కువ చెడేది అక్కడే. మత్తయి 18:15లో ‘అతనిని గద్దించుము’ అని తెలుగులో ఉంది. గద్దించడమంటే కేకలేయడం అనుకుని చాలామంది పోరుకే బయల్దేరతారు. మూలంలోని మాటకు తప్పు చూపించడం, తెలియజెప్పడం అని అర్థం. ‘నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు’ అన్న షరతు దానికి ముందే ఉంది. పరువు కాపాడుతూ చెప్పమని. టీకొట్టు దగ్గర, ఆరాధన అయిపోగానే గుడి అరుగు మీద, పెళ్లి భోజనాల దగ్గర మాట్లాడితే ఒంటరిగా మాట్లాడినట్టు కాదు. తాగి ఉన్నప్పుడు, కోతల వేళ ఒళ్లు హూనమై ఇంటికొచ్చినప్పుడు వెళ్లకూడదు. అన్నం తిన్నాక, పిల్లలు పడుకున్నాక, ముందు కబురు పెట్టి వెళ్లాలి. పావుగంట మాటకు చాలు. గంట దాటితే పాత లెక్కలు మొదలవుతాయి.

మొదటి వాక్యం జాగ్రత్తగా ఎంచుకోవాలి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అంటే ఆ మనిషి మొత్తం బోనెక్కాడు, ఇక తనను తాను కాపాడుకోక తప్పదు. ‘తమ్ముడూ, మొన్న నీటి వంతు దగ్గర నలుగురి ముందు నన్ను దొంగ అన్నావు, అది నాకు బాధ కలిగించింది’ అంటే రోజు, చోటు, మాట మాత్రమే ఎదురుగా ఉంటాయి. అంతవరకు చెప్పి ఆగిపోవాలి. తరవాత అవతలి మాట పూర్తిగా వినాలి. సంగతి వినకముందు జవాబిచ్చేవాడు మూఢత్వం బయటపెట్టుకుని సిగ్గుపడతాడని సామెతలు 18లో ఉంది. విన్నాక ‘నువ్వు చెప్పింది ఇదీ, అవునా?’ అని తిరిగి చెప్పాలి. వంతు తప్పిందనుకున్నది తూము దగ్గర చెత్త అడ్డుపడి కావచ్చు, తిట్టాడనుకున్నది ఇంకెవర్నో అయి ఉండొచ్చు. ఈ మెట్టు దగ్గరే తేలిపోయేవి ఎక్కువ.

క్షమాపణ అడిగే తీరులో బైబిలు రెండు నమూనాలు ఎదురెదురుగా పెట్టింది. మొదటి సమూయేలు 15లో సౌలు రాజు, పాపం చేశాను అయినా జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచు అని సమూయేలును బతిమాలాడు. ఒప్పుకోలు ముందుంది, పరువు వెనక నిలబడి లాగుతోంది. లూకా 15లో తప్పిపోయిన కుమారుడు పరలోకానికి విరోధంగాను, నీ యెదుటను పాపం చేశాను అన్నాడు, అంతే. కరువొచ్చింది, స్నేహితులు ముంచారు, వయసు అలాంటిది అని ఒక్క ముక్క లేదు. మనం అడిగేవి ఎక్కువగా సౌలు క్షమాపణలు. ‘తప్పయితే క్షమించండి’ అంటే తప్పో కాదో ఇంకా తేలలేదని. ‘నేనన్నది తప్పే గానీ...’ అంటే ఆ ‘గానీ’ వెనక వచ్చేదే అసలు మాట. ‘నోరు జారిపోనాది, ఒగ్గెయ్’ అంటే తప్పు నోటిది, మనిషిది కాదని. పనికొచ్చే మాట చిన్నది: ‘అక్కా, నీకు పిల్లలు లేరని నలుగురిలో అన్నాను. ఆ మాట అనకూడదు. తప్పు నాదే. నన్ను క్షమించు.’ అన్న మాటేమిటో పేరుపెట్టి చెప్పాలి, తప్పు తనదని చెప్పాలి, క్షమాపణ అడగాలి. అడిగాక జవాబు కోసం ఒత్తిడి చేయకూడదు. అక్కకు రెండు నెలలు పట్టొచ్చు.

నలుగురిలో తిట్టి చాటుగా క్షమాపణ అడిగితే లెక్క సరిపోదు. సంఘం వాట్సాప్ గ్రూపులో అన్న మాట ఆ గ్రూపులోనే వెనక్కి తీసుకోవాలి. మెసేజ్ చెరిపేస్తే చాలదు, చూసినవాళ్లు చూశారు. తిట్టుతో పాటు నష్టం ఉంటే నష్టం కట్టాలి. లూకా సువార్తలో జక్కయ్య అనే పన్నుల వసూలుదారు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. గట్టు జరిపినవాడు ‘క్షమించు’ అని దండం పెట్టి గట్టు అక్కడే ఉంచితే అది సమాధానం కాదు.

ఒంటరిగా మాట్లాడినా తీరకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లమన్నాడు. ఈ ఇద్దరు ఎవరన్నదాని మీదే అంతా ఉంటుంది. ఏ పక్షానికీ చుట్టాలు కాకూడదు, ఇద్దరిలో ఎవరికీ అప్పు ఉండకూడదు, సంఘం ఎన్నికల్లో పోటీపడ్డవాళ్లు కాకూడదు. ఆడవాళ్ల తగువులో ఒక్క స్త్రీ అయినా ఉండాలి. వాళ్ల పని తీర్పు చెప్పడం కాదు, ఎవరేమన్నారో వినడం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరిని ఆపడం. చెరో పది నిమిషాలు అడ్డు లేకుండా మాట్లాడనిస్తే చాలావరకు మంట దిగిపోతుంది. డబ్బు, భూమి ఉంటే ఒప్పుకున్నది అప్పటికప్పుడు కాగితం మీద మొత్తం, తేదీ, సంతకాలతో రాయాలి. నోటిమాట సమాధానం రెండో పంటకు నిలవదు.

అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా వినకపోతే ‘అన్యునిగాను సుంకరిగాను ఎంచుకొనుము’ అన్నాడు. దీన్ని పట్టుకుని వెలి వేస్తున్న చోట్లున్నాయి. ప్రభు బల్ల నుంచి (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన నుంచి) తీసేయడంతో ఆగక, పలకరించొద్దని, శుభకార్యాలకు పిలవొద్దని కట్టడి చేస్తున్నారు. ఈ మాట రాసిన మత్తయి స్వయంగా సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) అన్న సంగతి మరిచిపోతున్నాం. యేసు అతని ఇంట్లో సుంకరులతో కూర్చుని భోజనం చేశాడు. సుంకరిగా ఎంచుకోవడమంటే సభ్యుడిగా లెక్కించకపోయినా తిరిగి సంపాదించుకోవాల్సినవాడిగా చూడడం. కొరింథులో శిక్ష పొందినవాడికి అది చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని పౌలు రెండో పత్రిక 2వ అధ్యాయంలో రాశాడు. శిక్షకు ముగింపు తేదీ లేని సంఘాలు ఆ అధ్యాయం తెరవాలి.

క్షమించేవాళ్ల మీద కూడా భారం ఎక్కువే వేశాం. ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడు పేతురు అడిగిన ప్రశ్నకు యేసు చెప్పిన ఉపమానంలో ఒకడి అప్పు 10,000 తలాంతులు, వాడికి తోటి దాసుడు బాకీపడ్డది 100 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొదటిది 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు తీరదు. రెండోది వంద రోజుల కూలి. వంద రోజుల కూలి చిన్నదని యేసు అనలేదు, అది నిజమైన బాకీయే. మాట పడ్డవాళ్లతో ‘అదెంత, మరిచిపో’ అనేవాళ్లు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. బాధను చిన్నది చేసి క్షమించమంటే క్షమించడానికేమీ మిగలదు.

క్షమించడం వేరు, మళ్లీ నమ్మడం వేరు, ఒక్క కప్పు కింద బతకడం వేరు. ఆదికాండంలో, అన్నను మోసగించి పారిపోయిన యాకోబు ఇరవై ఏళ్ల తరవాత ఆ అన్న ఏశావును ఎదుర్కొనే ముందు 200 మేకలు, 200 గొర్రెలు మొదలుకొని 550 జీవాలను, ఇంకా ఒంటె పిల్లల్ని, మందలు మందలుగా ముందు పంపాడు. ఏడుసార్లు సాగిలపడ్డాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. ఆ రోజే ఏశావు శేయీరు దారి పట్టాడు, యాకోబు సుక్కోతుకు వెళ్లాడు. మళ్లీ ఇద్దరూ కలిసి తండ్రి ఇస్సాకును పాతిపెట్టారు. అన్నదమ్ములు వేరు కాపురాలు ఉండి చావుకీ పెళ్లికీ కలిస్తే అది సమాధానమే. యోసేపు తనను అమ్మేసిన అన్నల్ని గుర్తుపట్టిన రోజే బయటపడలేదు, బెన్యామీను విషయంలో వాళ్లు మారారో లేదో చూశాడు. ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు’ సమాధానంగా ఉండమన్నాడు పౌలు. అవతలివాడు తలుపు తీయకపోతే ఆ భారం వెళ్లినవాడిది కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. భర్త కొడుతున్న ఆవిణ్ని ‘డెబ్బది ఏళ్ల మారులు’ (డెబ్బై ఏడుల సార్లు) క్షమించమని చెప్పి అదే ఇంటికి తిరిగి పంపడం సమాధానం కాదు, పాపం. మత్తయి 18 సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య మాట తగువుకు పనికొస్తుంది, దెబ్బలు తింటున్న మనిషిని ఒంటరిగా కొట్టే మనిషి ముందుకు పంపడానికి కాదు. ముందు ఆవిడ క్షేమం. 2005 గృహహింస చట్టం ఉంది, 181కి ఫోన్ చేయొచ్చు, అత్యవసరమైతే 112. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం తెలిస్తే సంఘంలోనే కప్పిపుచ్చడానికి ఎవరికీ అధికారం లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. కులం పేరుతో దూషణ పడ్డవాళ్లు ఫిర్యాదు చేయదలిస్తే సంఘం పరువు పేరుతో అడ్డుపడకూడదు. నేరస్థుడు నిజంగా పశ్చాత్తాపపడితే చట్టం ముందు కూడా నిజమే చెబుతాడు.

అప్పటికే కోర్టులో నడుస్తున్న సివిల్ తగాదాలు, రాజీకి వీలున్న చిన్న కేసులు ఉంటే ప్రతివాదితో ‘త్రోవలో ఉండగానే త్వరగా’ సమాధానపడమని మత్తయి 5లో యేసు అన్న మాట ఇంకా పనిచేస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. న్యాయసేవల సంస్థ నంబరు 15100.

సంఘాలకు ఒక మార్పు సూచిస్తున్నాం. చాలా బాప్టిస్టు సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. ‘మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి’ అని రొట్టె విరిచే ముందు రెండు నిమిషాలు ఇస్తారు. రెండు నిమిషాల్లో ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్లిరాలేరు. ముందు ఆదివారమే ‘వచ్చే వారం బల్ల ఉంది, ఈ ఆరు రోజుల్లో వెళ్లాల్సినచోటికి వెళ్లి రండి’ అని ప్రకటించండి. శనివారం సాయంత్రం ఏ కూడికా పెట్టకుండా ఖాళీగా ఉంచండి. కతోలిక దేవాలయాల్లో సత్ప్రసాదానికి ముందు ఒకరికొకరు శాంతి చెప్పుకునే ఘట్టం ఉంది. అక్కడా పక్కన ఎవరుంటే వాళ్లకే కాక, మాటల్లేని మనిషి ఏ వరసలో ఉన్నారో చూసి అక్కడిదాకా నడవమని గురువులు చెప్పొచ్చు.

సంపాదకులకు కూడా ఒక విన్నపం. సంఘాల్లో గానీ ఊళ్లలో గానీ మాటల తగువు వార్తగా వస్తే, ఎవరు ఎవరిని ఏమని తిట్టారో ఆ మాటను శీర్షికలో అచ్చు వేయకండి. తిట్టినవాడు మర్నాడు వెళ్లి క్షమాపణ అడగాలనుకున్నా, ఆ మాట అప్పటికే జిల్లా అంతా చదివి ఉంటుంది.

ఇట్లు,
పల్లె సంఘాల్లో తగువులు తీర్చే పనిలో ఉన్న కొందరు పెద్దలు,
శ్రీకాకుళం జిల్లా.